పదహారు మందిమి, పదమూడు మంది పిల్లలు, ఒక డోలు

నేను దేవుడి మీద భక్తితో కోలాటంలో చేరానని మా అత్తమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. నమ్మనివ్వండి. రోజుకు రెండు గంటలు నా పిల్లల మొహాలు చూడకుండా ఉండాలని చేరాను. బిడ్డకు అప్పుడు ఎనిమిదేళ్ళు, కొడుక్కి నాలుగు. అది పొద్దంతా ప్రశ్నలు వేసేది, వాడు పొద్దంతా నిక్కర్లు తడిపేవాడు. ఒకదానికి జవాబు చెప్పుకుంటూ ఇంకొకడి బట్టలు పిండుకుంటూ ఉండేదాన్ని. కృష్ణుడి పాటలు కాకుండా కబడ్డీ నేర్పిస్తామన్నా వెళ్ళేదాన్నే.

రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్ళకు మా మర్రిగూడ వైపు ఊరికొక ఆడవాళ్ళ కోలాటం గుంపు తయారైంది. అందరికీ ఒకే రంగు చీరలు, కొప్పుల్లో ఒకే రంగు పూలు, కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో రెండేసి కోలలు. పక్క ఊరివాళ్ళు ఆడిన వీడియో మా వాట్సాప్‌లోకి వచ్చింది. వాళ్ళకంటే మేమేం తక్కువని మా వీధిలో పదహారు మందిమి లేచాం. దేవరకొండ అవతలి నుంచి ఒక మాస్టరును మాట్లాడుకున్నాం. గొర్లు కాసే ఇంటి మనిషి, తాతల నాటి నుంచి డోలు కొట్టి కథలు చెప్పే కుటుంబం. మూడు నెలలు నేర్పి చివర గజ్జె పూజ చేయిస్తానని మాట ఇచ్చాడు.

గజ్జె పూజ అంటే మాకు పరీక్షా అదే, పట్టాభిషేకమూ అదే. పళ్ళెంలో గజ్జెలు పెట్టి పూజ చేసి, గురువు చేతి మీదుగా అందుకుని, కాళ్ళకు కట్టుకుని ఊరందరి ముందు మొదటిసారి ఆడాలి. గజ్జె కట్టిన ప్రతి ఆడదానికీ తల్లిగారి వాళ్ళు కొత్త బట్టలు పెడతారు. నాకు పెళ్ళప్పుడు బట్టలు పెట్టారు, రెండు కాన్పులప్పుడు పెట్టారు. ఆ మూడింటికీ నేను కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. నేర్చుకుని, నలుగురి ముందు చేసి చూపించి బట్టలు పెట్టించుకోవడం ఇదే మొదటిసారి అవుతుంది. అందుకే ఆ గజ్జెల మీద నాకు అంత ఆశ పుట్టింది. అచ్చంపేటలో ఉన్న మా అమ్మకు మొదటి వారంలోనే ఫోన్ చేసి చెప్పాను.

మొదటి రోజు సాయంత్రం అయిదింటికి కోలలు చంకలో పెట్టుకుని గడప దాటబోతుంటే మగ్గం గుంతలోంచి మా ఆయన కేకేశాడు.

"ఏమే, వీళ్ళను గూడ తోల్కపో. వాడు గుంతల పడ్తడు, అది పోగులు తెంపుతది."

"రెండు గంటలు చూస్కోలేవా?"

"చూస్కుంట. మరి చీర నువ్వు నేస్తవా?"

మగ్గం మీద కూర్చున్న మనిషికి ఎదురు చెప్పడం కష్టం. ఏమన్నా అంటే చప్పుడు పెంచుతాడు. ఇద్దరినీ చెరొక చేత్తో పట్టుకుని వెళ్ళాను. చంకలోంచి కోలలు దారంతా జారుతూనే ఉన్నాయి.

మా రిహార్సల్ జాగా మూతబడ్డ పాత రంగుల షెడ్డు. నూలుకు రంగులు అద్దే రోజుల్లో పడ్డ నీలం మరకలు ఇంకా గచ్చు మీద ఉండేవి. నేను వెళ్ళేసరికి అక్కడ పదిహేను మంది ఆడవాళ్ళు, పదకొండు మంది పిల్లలు ఉన్నారు. నాతో పదహారు, పదమూడు. ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళు ఒకే మాట అన్నారని అప్పుడు తెలిసింది. మాస్టరు బండి మీద నుంచి డోలు విప్పుకుని లోపలికి వచ్చి, మమ్మల్ని కాకుండా ముందు కింద చూశాడు.

"పిల్లలను తేవొద్దు. మొదటి రోజే చెప్తున్న. పిల్లలుంటే పాట రాదు."

"సార్, మరి ఇంట్ల తాళమేసి రమ్మంటరా?" అని అడిగింది నా పక్కన నిలబడ్డ మా తోటికోడలు వరస ఆవిడ.

"గది మీ ఇష్టం. నాకైతే ఈడ కనపడొద్దు."

ఆ కనపడకూడని వాళ్ళు అప్పటికే ఆయన సంచీ విప్పి చూస్తున్నారు. ఆ వారం ఏం జరిగిందో చెప్పాలంటే నాకే సిగ్గు. కోలలతో క్రికెట్ ఆడారు. ఫిల్టర్ నీళ్ళ క్యాన్ దొర్లించి షెడ్డు తడిపారు. దండం పెట్టుకోవడానికి తెచ్చిన కొబ్బరికాయ ముక్కలు పాట మొదలుకాక ముందే మాయమయ్యాయి. తీసింది నా కొడుకే. మేము పాడేదేమో వెన్న దొంగిలించిన పిల్లవాడి పాట. ఆ దొంగను ముద్దు చేస్తూ ఒక చరణం పాడి, నా దొంగను పట్టుకుని రెండు పీకి, మళ్ళీ వచ్చి రెండో చరణంలో కలిశాను. మాస్టరు డోలు ఆపి మరీ చూశాడు.

పిల్లలు రాకూడదన్న నియమం మూడో వారంలో దానంతట అదే పోయింది. ఆ రోజు మాస్టరు బండి ముందర ఆయన మనవడు కూర్చుని ఉన్నాడు. కోడలు పత్తి ఏరడానికి పోతూ పిల్లవాణ్ణి బండి ఎక్కించి పంపించిందట. మా తోటికోడలు ఆ పిల్లవాడికి ఒక బిస్కెట్టు ఇచ్చి, "సార్, పిల్లలుంటే పాట రాదన్నరు గద" అంది. ఆయన డోలుకు తాళ్ళు ఇంకాస్త గట్టిగా బిగించాడు.

ఇక నా చేతి సంగతి చెప్పాలి. మా పదహారు మందిలో పదకొండు మందిమి మగ్గాల ఇళ్ళ వాళ్ళం. మాకు చిన్నప్పటి నుంచీ ఆసు పోసే పని. పూల చీరకు పట్టే నూలును రంగు అద్దే ముందు ఒక మేకు నుంచి ఎదురుగా ఉన్న మేకుల వరసకు చేత్తో చుట్టుకుంటూ పోవాలి. చెయ్యి ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, పొద్దంతా అంతే. కోలాటంలో మూడు దెబ్బలు కొట్టి నాలుగోదానికి పక్కకు తిరగాలి. మా పదకొండు మందీ మూడో దెబ్బ తర్వాత తిరగకుండా చెయ్యి వెనక్కి లాక్కుని మళ్ళీ ముందుకు పొడిచాం. పదకొండు మందిమి ఒకే తీరుగా తప్పు కొట్టేసరికి, సరిగ్గా కొట్టిన మిగతా అయిదుగురే తప్పు కొట్టినట్టు కనిపించారు. పాపం వాళ్ళు కూడా భయపడి మాలాగే కొట్టడం మొదలుపెట్టారు.

"మీరు ఆసు పోస్తున్నరా, కోలాటం ఆడుతున్నరా?" అని మాస్టరు నెత్తి పట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి అందరి చేతులూ దారికి వచ్చాయి, ఒక్క నాది తప్ప. దానికో కారణం ఉంది. నేను ఆసు దగ్గర పాడకుండా ఎన్నడూ కూర్చోలేదు. నోట్లో పాట మొదలైతే చెయ్యి ఆసు వైపు నడుస్తుంది. నోరు మూసుకుంటే నా కోలలు అందరితో సమంగా పడేవి. పాట ఎత్తుకున్నానా, మళ్ళీ వెనక్కి, ముందుకు, ఎదుటివాళ్ళ వేళ్ళ మీద. నా జోడీకి రెండు గోళ్ళు నల్లబడ్డాయి. అందుకని నాకు నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను. పెదవులు కదిపేదాన్ని, గొంతు మాత్రం బయటికి రానిచ్చేదాన్ని కాదు. మా గుంపులో గొంతున్న వాళ్ళు ఇద్దరే. ఒకావిడ పాట ఎత్తేది. రెండోదాన్ని నేను, మూగదానిలా తిరిగేదాన్ని. గజ్జెల కోసం అంతకైనా ఒప్పుకున్నాను.

కోలాటానికి జతలు కావాలి. ఒక మనిషి రాకపోతే ఇంకొక మనిషి ఎదురు లేకుండా గాలిని కొట్టాలి. రోజూ ఎవరో ఒకరు మానేసేవాళ్ళు. ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే, ఇంకోరోజు మేక ఈనేది. మాస్టరు విసిగిపోయి, గోడ పక్కన కూర్చున్న పిల్లల్లోంచి కాస్త పొడుగ్గా ఉన్న నా బిడ్డను పిలిచి ఖాళీ జాగాలో నిలబెట్టాడు. అది మొదటి రోజు నుంచీ కళ్ళార్పకుండా చూస్తూ ఉందని నాకూ తెలియదు. కోలలు చేతికి ఇవ్వగానే మూడు కొట్టి గిర్రున తిరిగింది. పైగా పాడుతూ తిరిగింది. రెండు నెలల్లో అది పదహారు మంది జాగాల్లోనూ నిలబడింది. ఎవరు ఎప్పుడు ఎటు తిరగాలో మాస్టరు తర్వాత తెలిసింది దానికే.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఇంట్లో నేను రొట్టె కొడుతుంటే వెనక నిలబడి, "అమ్మా, నువ్వు మూడోదానికి ఆగుతలేవు" అనేది. బట్టలు ఉతుకుతుంటే, "అమ్మా, నువ్వు ఉత్తగనే నోరు ఆడిస్తున్నవు, నాకు తెల్సు" అనేది. మా ఆయన మగ్గం ఆపి నవ్వేవాడు. పిల్లలను చూసుకోవడానికి మగ్గం ఆగదు కానీ, నన్ను చూసి నవ్వడానికి ఆగుతుంది. బిడ్డ తెలివైనదని వీధిలో అందరూ మెచ్చుకున్నారు. నేనూ పైకి మురిసిపోయాను. లోపల మాత్రం కుళ్ళుకున్నాను. రెండు గంటలు దాన్ని వదిలించుకుందామని నేను వెతుక్కున్న జాగాలోకి అదే వచ్చి, నాకంటే బాగా నిలబడింది. నాకు మండింది.

గజ్జె పూజ వారం రోజుల్లోకి వచ్చింది. చీరలు వచ్చాయి, జాకెట్లు కుట్టించుకున్నాం. అప్పుడు మా వీధి చివర ఇంటి పెద్దాయన కాలం చేశాడు. మూడేళ్ళ నుంచీ ఇవాళో రేపో అంటూ వచ్చిన మనిషి, సరిగ్గా ఆ వారమే చూసుకున్నాడు. మా వీధిలో సగం ఇళ్ళు ఆయన పాలోళ్ళవి, అంటే ఒకే ఇంటిపేరు వాళ్ళవి. పాలోళ్ళకు పదకొండు రోజులు మైల. మైలలో గజ్జె ముట్టకూడదు, పూజలో నిలబడకూడదు. ఒక్క మనిషి పోయి మా గుంపులో ఆరుగురిని ఆపాడు. ఆ ఆరుగురూ శవం మీద పడి ఎంత ఏడ్చారంటే, దూరపు చుట్టాలు ఆయన్ని ఎంతో ప్రేమించారనుకున్నారు. అందులో సగం ఏడుపు గజ్జెల కోసమని మాకు తెలుసు. మా ఇంటిపేరు వేరు కాబట్టి నాకు మైల లేదు. పాపపు మాటే కానీ, ఇంట్లోకి వచ్చి నవ్వుకున్నాను.

పూజ వెనక్కి జరపడానికి లేదు. తర్వాత మూఢం వస్తుంది. "పది మంది మిగిలిండ్రు. అయిదు జతలు. ఫికర్ లేదు" అన్నాడు మాస్టరు. అన్నాక మమ్మల్ని వరసగా చూశాడు. పాట ఎత్తే ఆవిడ మైలలో ఉన్న ఆరుగురిలో ఒకతె. మాస్టరు గొంతు బీడీలకు ఎప్పుడో పోయింది. ఒకరు పాట ఎత్తితే మిగతావాళ్ళు అదే వరస తిరిగి పాడాలి, దాన్ని వంత అంటారు. వంత పాడేవాళ్ళున్నారు, ఎత్తేవాళ్ళు లేరు.

"నీ గొంతు మంచిగుంటదట గదమ్మా" అన్నాడు నాతో.

"ఎత్తుత సార్. ఆడుకుంట ఎత్తుత."

"రెండూ అయితయా?"

"అయితయి" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. ఆయన డోలు అందుకునేలోపే గోడ పక్క నుంచి నా బిడ్డ లేచి నిలబడింది.

"కావు సార్. అమ్మ పాడితే తప్పు కొడ్తది. అందుకే రోజూ ఉత్తగ నోరు ఆడిస్తది."

షెడ్డంతా నవ్వులు. నా జోడీ తన గోళ్ళు చూసుకుంది. నాకు అక్కడే దాని వీపు చీరేయాలనిపించింది. అది చెడ్డతనంతో అనలేదని తెలుసు. ఎవరన్నా తప్పు లెక్క చెబితే బడిలో లేచి నిలబడి సరిచేసినట్టు చేసింది, అంతే. మాస్టరు ఒకసారి పాడించి చూశాడు. రెండో వరసకే నా కోల పోయి ఎదుటావిడ మోచేతికి తగిలింది. ఆయన నొచ్చుకుంటూనే తీర్పు చెప్పాడు. నేను డోలు పక్కన నిలబడి పాట ఎత్తాలి. నా జాగాలో నా బిడ్డ ఆడాలి.

"నేను నీ జాగల నిలబడాల్నా అమ్మా? నిజంగ?" అంది. దాని మొహం వెలిగిపోయింది.

"నిలబడు" అన్నాను.

పూజ రోజు ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. షెడ్డు ముందర నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, టెంటు వేశారు. పళ్ళెంలో పది జతల గజ్జెలు పెట్టారు. పాడేదానికి గజ్జెలతో పనేముంది? నేను డోలు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా బిడ్డ కాళ్ళు సన్నం కాబట్టి పట్టీని రెండు చుట్లు తిప్పి కట్టాల్సి వచ్చింది. కట్టింది మాస్టరే. నేను అటు చూడలేదు.

మా అమ్మ అచ్చంపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చంకలో చీర పొట్లం. నన్నూ నా కాళ్ళనూ మార్చి మార్చి చూసింది.

"నీ గజ్జెలేవే?"

"బిడ్డ కట్టుకుంది. నేను పాడుతున్న."

"గట్లయితే ఈ చీర ఎవరికి పెట్టాలె? గజ్జె కట్టినోళ్ళకే పెట్టాలెనంట గద?"

"దానికే పెట్టు" అన్నాను కోపంగా. మా అమ్మ వెనకాముందూ చూడలేదు. నేరుగా వెళ్ళి మనవరాలికి బొట్టు పెట్టి, ఆరు గజాల చీరను దాని భుజం మీద వేసింది. నేను ఫోన్‌లో రంగు చూసి చెప్పి తెప్పించుకున్న చీర. ఊరంతా చప్పట్లు కొట్టింది. అది ఆ చీర బరువుకు ఒక పక్కకు వంగి నా వైపు చూసి నవ్వింది. నేను నవ్వలేదు. దాని వయసున్న పిల్ల మీద అంత కోపం తెచ్చుకున్న ఆడది ఆ టెంటు కింద ఇంకెవరూ ఉండి ఉండరు.

అది చీరను మా అమ్మ చేతికే ఇచ్చి వరసలో నిలబడింది. పాట ఎత్తాను. గొంతు బాగానే పలికింది. రెండు నెలలు మూసిపెట్టుకున్న గొంతు కదా. మొదటి పాట నిదానంగా నడిచింది. రెండో పాట సగంలో నాకొక సంగతి అర్థమైంది. డోలు నా పాట వెనకే వస్తోంది. కోలలు డోలు వెనక వస్తున్నాయి. నేను ఎంత తొందరగా పాడితే వాళ్ళు అంత తొందరగా తిరగాలి. అర్థమైన మరుక్షణం జోరు పెంచాను.

దేనికి పెంచానో ఇప్పుడు దాచి లాభం లేదు. అది తడబడాలని. ఒక్కసారి, ఒక్క దెబ్బ తప్పు కొట్టాలని, అందరూ చూడాలని.

"జర నిమ్మలం" అన్నాడు మాస్టరు, డోలు ఆపకుండా. నేను వినలేదు. ఇంకా పెంచాను. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడి ఒకావిడ పక్కకు తప్పుకుంది. ఇంకొకావిడ నన్ను చూపుతోనే చంపింది. వంత పాడేవాళ్ళకు ఊపిరి అందక మాటలు ముక్కలయ్యాయి. నా బిడ్డ మాత్రం తిరుగుతూనే ఉంది. మూడు కొట్టడం, తిరగడం, మూడు కొట్టడం, తిరగడం. తిరిగినప్పుడల్లా నా వైపు చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. నేను దాని కోసమే జోరు పెంచుతున్నానని, ఇది మా ఇద్దరి మధ్య ఒక ఆట అని అది అనుకుంటోంది.

ఆ నవ్వు చూసేసరికి నా ఊపిరి తప్పింది. చరణం మధ్యలో పాట తెగింది. డోలు ఒక్కటే మోగుతోంది. మిగతావాళ్ళ కోలలు గాల్లో ఆగాయి. అప్పుడు అది తిరుగుతూనే నేను వదిలేసిన మాట దగ్గర పాట అందుకుంది. నా వరసలోనే, నా జోరులోనే, సన్నటి గొంతుతో. ఎత్తి, వంత కోసం నా వైపు చూసింది. అందరూ రొప్పుతున్నారు. నేను వంత పాడాను. ఆ తర్వాత చివరి దాకా పాట ఎత్తింది అదే. నా చెయ్యి వెనక్కీ ముందుకూ ఊగుతూ ఉంటే, దాని ప్రతి మాటకూ నేను బదులు పాడుతూ పోయాను. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

పాట అయ్యాక అది గజ్జెలు మోగించుకుంటూ పరిగెత్తుకొచ్చి నా నడుము పట్టుకుంది. ఒళ్ళంతా చెమట.

"అమ్మా, ఎందుకు ఏడుస్తున్నవు? నేను తప్పు కొడ్తనని భయపడ్డవా?"

"అవు బిడ్డా" అన్నాను.

అది నమ్మింది. నా వీపు మీద చిన్నగా తట్టి, "కొట్టలేదు గద, ఇంక ఏడువకు" అంది.